అన్నకు నేను జామీను

మా అన్న నిద్రలో ఉన్నప్పుడు మంచం పక్కన వంగి ఆయన ఊపిరి వాసన చూసేదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తెలియదు, అన్నకు తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కానీ ఇది మాత్రం అందులో కూడా రాయలేదు. తెల్లవారి నల్లా నీళ్లు పట్టడానికి లేచి, బిందె చప్పుడు కాకుండా గడప దగ్గర పెట్టి, నా ఊపిరి బిగబట్టి, ఆయన వదిలే గాలి కోసం ముఖం ముందుకు చాపేదాన్ని. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ముఖం మీద దోమ వాలింది, తోలుతున్నాను అని.

ఇప్పుడు ఆ పని మానేశాను. మానేసి ఎక్కువ కాలమేమీ కాలేదు. ఎందుకు మొదలుపెట్టానో, ఎట్లా మానానో రాస్తే నా మీది బరువు కొంచెం దిగుతుంది. ఎవరి ఇంట్లోనైనా నాలాంటి చెల్లెలో కూతురో ఉంటే వాళ్లకూ పనికొస్తుంది. నలుగురిలో నోరు విప్పలేను. రాయడం ఒక్కటే చేతనవుతుంది.

మాది గద్వాల, మగ్గాల ఇల్లు. నాయిన పోయాక అమ్మ నేస్తుంది, నేను పక్కన కూర్చుంటాను. మా చీరకు నడిమి భాగం నూలు, అంచు పట్టు. రెండూ వేరు వేరు దారాలు కాబట్టి అవి కలిసే చోట ఒక్కో పోగును పట్టి పట్టి జోడిస్తూ పోవాలి. ఒక్కరితో అయ్యే పని కాదు. నేసేవాళ్లు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే, అవతలి అంచు దగ్గర నాడె, అంటే అడ్డదారం కండె ఉండే చెక్క, విసిరి అందుకోవడానికి ఇంకొకరు కావాలి. చిన్నప్పటి నుంచి ఆ ఇంకొకరిని నేనే.

అన్న మద్దిలేటికి మగ్గం వచ్చు, కానీ గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవడం నచ్చలేదు. డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఒకాయన దగ్గర ట్రాలీ ఆటో నడిపేవాడు. పెబ్బేరు సంతలో కొన్న ఎడ్లను, బర్రెలను రైతుల ఊళ్లకు చేర్చడం ఆయన పని. సంతలో బేరం కుదిరితే కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ కలిసి తాగుతారు. పశువును ఎక్కించుకునే డ్రైవర్‌కు కూడా పోస్తారు. వద్దంటే పశువు అచ్చిరాదని ముఖం ముడుచుకుంటారు. అట్లా సంత రోజున మొదలై, సంత లేని రోజులకు పాకింది. చివరికి పొద్దున్నే కొంచెం పడకపోతే అంగీ గుండీ పెట్టుకోవడానికి చేతులు నిలవని దాకా వచ్చింది. మేము దాన్ని తాగుబోతుతనం అనుకున్నాం. రోగం అనుకోలేదు.

వదిన మంజులది తెలకపల్లి. వాళ్ల పాప అమ్ములుకు అప్పటికి ఇంకా బడి ఈడు రాలేదు.

మొదటి ఎండాకాలం

పోలీసులకు పట్టుబడటం అన్నకు అది రెండోసారి. మొదటిసారి జరిమానాతో వదిలారు. ఈసారి పెబ్బేరు దగ్గర హైవే మీద ఆపారు. ఊదించి, వచ్చిన అంకె చూసి, తర్వాత బండిలోకి చూస్తే ఆయన ఒళ్లో అమ్ములు ఉంది. వదినకు చెప్పకుండా, జర తిప్పుకొస్తానని ఎక్కించుకుపోయాడు.

ఫోన్ వస్తే వదినా నేనూ బస్సులో పోయాం. రోడ్డు పక్క టెంటు కింద ఒక లేడీ కానిస్టేబుల్ అమ్ములును కుర్చీలో కూర్చోబెట్టి బిస్కెట్లు తినిపిస్తోంది. నన్ను చూడగానే పాప సంబరంగా చెప్పింది.

"అత్తా, స్టీరింగ్ నేనే పట్టుకున్న. నాయిన కండ్లు మూసుకున్నడు."

వదిన పాపను ఎత్తుకుంది. అన్న వైపు తల కూడా తిప్పలేదు. రోడ్డు దాటి, మేం వచ్చిన వైపు కాకుండా వనపర్తి బస్సు ఎక్కింది. అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, అక్కడి నుంచి తెలకపల్లి. ఒంటి మీది బట్టలతో పోయింది. నేను బస్సు వెంట నాలుగు అడుగులు నడిచి ఆగిపోయాను. వదినా, ఆగు అని అరవాలని ఉన్నా గొంతు రాలేదు. నా గొంతు ఎప్పుడూ అంతే.

కోర్టు వనపర్తిలో. అమ్మ సిగ్గుతో రానంది, నేను పోయాను. వరండా నిండా తాగి బండి నడిపినవాళ్లే. పొద్దున్నే స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లల్లాగా ఒకరినొకరు అడుగుతున్నారు, నీకెన్ని మార్కులు వచ్చినయ్ అని. ఒకాయన తన అంకె చెప్పగానే పక్కాయన, అరె నువ్వు జిల్లా ఫస్టు గదా అన్నాడు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నేను గోడకు ఆనుకుని, వాళ్ల వెంట వచ్చిన ఆడవాళ్లను చూశాను. మాలో ఎవరమూ నవ్వలేదు.

అన్నకు జైలు పడింది. కొద్ది రోజులే. లైసెన్సు కూడా పోయింది. పిల్లను ఒళ్లో పెట్టుకున్న సంగతి చదివినప్పుడు జడ్జిగారు కాగితం మీంచి తలెత్తి అన్నను కాసేపు చూశారు.

జైలుకు పోయిన మర్నాటికే కబురు వచ్చింది, దవాఖానకు తెచ్చాం, ఇంటివాళ్లు రండి అని. అమ్మా నేనూ పరుగెత్తాం. వార్డులో అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా చెమట. ఒక చేతికి బేడీ, మంచం కమ్మికి కట్టి ఉంది. మమ్మల్ని చూసిన కానిస్టేబుల్ లేచి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆ బేడీ మీద కప్పాడు. అమ్మ కళ్లు దాని మీద పడకముందే కప్పాడు. ఆయన పేరు అడగలేదు. ఆ తువ్వాలు మాత్రం నాకు గుర్తు, ఎర్ర గళ్లది.

అన్న మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఖాళీగా ఉన్న చేతితో దుప్పటి మీద దేన్నో ఏరుతున్నాడు. రెండు వేళ్లతో పట్టడం, మెలితిప్పడం, వదలడం. కాసేపటికి నాకు అర్థమైంది. తెగిన పోగులు అతుకుతున్నాడు. ఎన్నో ఏళ్లుగా మగ్గం ముట్టని మనిషి, లేని దారాన్ని పట్టి, లేని ముడి వేస్తున్నాడు.

"అనితా, నాడె ఇయ్యి" అన్నాడు. నా పేరు తెలుసు కానీ నేను ఎదురుగా ఉన్నట్టు తెలియదు.

నేను చెయ్యి చాపి ఆయన చేతిలో ఏదో పెట్టినట్టు చేశాను. తీసుకున్నాడు. విసిరాడు. మళ్లీ చాపాడు. మళ్లీ ఇచ్చాను. చుట్టుపక్కల మంచాల వాళ్లు చూస్తున్నారు. ఎవరైనా చూస్తుంటే అన్నం కూడా తినలేని నేను, ఆ పూటంతా లేని నాడెను ఇస్తూ అందుకుంటూ కూర్చున్నాను. అది ఆపితే ఆయన లేచి పరుగెత్తబోయేవాడు.

ఆ రెండు మూడు రోజుల్లో మనిషి పోతాడనే అనుకున్నాం. తగ్గాక డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి మెల్లగా చెప్పింది. తాగుడు ఇంతదాకా వచ్చినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఇట్లాగే అవుతుందని, ఒక్కోసారి ప్రాణం కూడా పోతుందని, ఇంట్లో తలుపు గడియ పెట్టి మాన్పించే పని ఎప్పుడూ చేయవద్దని. ఇది రోగం, బీపీ లాగా బతికినన్నాళ్లు చూసుకోవాల్సింది అన్నది. అమ్మ తల ఊపింది. బయటికి వచ్చాక, బీపీకి గోలీ ఉంటది, దీనికేముంటది అని నన్ను అడిగింది.

వానాకాలం

అన్న ఇంటికి వచ్చాడు. మందుల మత్తులో నిదానంగా నడిచేవాడు. అమ్ములు చెప్పుల జత గడప పక్కన ఉంటే, వాటిని తప్పుకుని లోపలికి పోయాడు.

వదిన ఫోన్ నాకే వచ్చింది.

"అత్తమ్మ మాట నేను నమ్మ, కొడుకు గదా. ఆయన మాట అసలే నమ్మ. నువ్వు మాట్లాడవు గని అబద్ధం చెప్పవు. మానిండు అని నువ్వు చెప్తే వస్త. నువ్వు చెప్పకపోతే రాను. గంతే."

కోర్టు వరండాలో జామీను కోసం, అంటే పూచీ పడే మనిషి కోసం, వెతుక్కునేవాళ్లను చూశాను. మా ఇంట్లో ఆ జామీను నేనే అయ్యాను. ఒక్క మాట తప్పు చెప్తే పిల్ల మళ్లీ ఆ ఒళ్లోకి వస్తుంది. చెప్పకపోతే అన్న కాపురం పోతుంది. ఆ మర్నాడే తెల్లవారి మొదటిసారి మంచం మీదికి వంగాను.

లైసెన్సు లేదు కాబట్టి అన్న మగ్గం గుంతలోకి దిగాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఎదురుగా నేను. మొదట్లో ఆయన చేతులు వణికి అంచు దగ్గర పోగులు కలిసేవి కావు. విప్పడం, మళ్లీ నేయడం. నూలు ఇచ్చి చీరలు తీసుకునే సేటు చూసి, ఇది అంచా, ఎలకలు కొరికిన జొన్నరొట్టెనా అన్నాడట. అన్న అది నాకు చెప్పి, ఆ అంచు మళ్లీ విప్పాడు.

నిద్ర పట్టేది కాదు. అన్నం ముద్ద మింగుడు పడేది కాదు. పగలంతా చెమటలు. ఇదంతా చూడలేక మా అవ్వ, అంటే నాయినకు తల్లి, ఒక ఉపాయం చెప్పింది. ఆమెకు ఈ లోకంలో మనవణ్ని మించింది లేదు.

"ఒంట్ల వేడి చేసింది వానికి. జర కల్లు తాపుండ్రి. కల్లు మందా? చెట్టు పాలు. మీ తాత బతికినన్నాళ్లు తాగిండు, ఒక్కనాడన్న జ్వరం వచ్చెనా?"

బయటి ఊళ్ల వాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మా వైపు మందు అంటే సీలు ఉన్న సీసా. కల్లు మందు కాదు. పండక్కి పిల్లలకు కూడా చెంచాతో పోస్తారు. బాలింతకు ఇస్తారు. నేను డిగ్రీ చదివినదాన్ని, ఇంట్లో ఇంకెవరూ ముట్టని పుస్తకాలు నా పెట్టెలో ఉన్నాయి. నాకూ తప్పనిపించలేదు. అమ్మ తానే కల్లు దుకాణం నుంచి తెచ్చి పోసింది.

పనిచేసింది కూడా. అన్న నిద్రపోయాడు. తిన్నాడు. చేతులు నిలిచాయి. అంచు పోగులు ఒకదానికొకటి అతుక్కుని గీత గీసినట్టు కుదిరాయి. ఆయన కూనిరాగం తీస్తూ నేస్తుంటే అమ్మ పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకునేది. తెల్లవారి నేను వంగినప్పుడు పులిసిన వాసన వచ్చేది. కల్లు వాసన నాకు తెలియనిదా? బ్రాండీ వాసన లేదు కదా అని బిందె తీసుకుని పోయేదాన్ని.

వదిన ఫోన్ చేసినప్పుడు నమ్మకంగా చెప్పాను, అన్న తాగుతలేడు వదినా అని. నేను అబద్ధం చెప్తున్నానని నాకు తెలియదు. వదిన గొంతు మారింది. బతుకమ్మకు వస్త, అమ్ములుకు లంగా కుట్టిన అన్నది.

ఆ పండుగ రానే లేదు మాకు. దానికి ముందే అధికారులు వచ్చి మా వాడ కల్లు దుకాణానికి తాళం వేశారు. కల్తీ అని అన్నారు. మా వీధిలో అందరూ తిట్టుకున్నారు. మర్నాడు అన్నకు చిరాకు. ఆ తర్వాతి రోజు మగ్గం మీద కూర్చుని పట్టుమని జానెడు నేయలేదు, నాడె విసరబోయి అట్లాగే బిగుసుకుపోయాడు. కళ్లు పైకి పోయాయి. కాళ్లు గుంతలో, నడుం పైన, తల మగ్గం కర్రకు కొట్టుకుంటోంది. నేను నూలు పోగుల మధ్యలోంచి చేతులు దూర్చి తల పట్టుకున్నాను. సగం చీర తెగిపోయింది. అమ్మ అరిచిన అరుపుకు వాడంతా వచ్చింది.

మళ్లీ అదే వార్డు, అదే డాక్టరమ్మ. ఏం తాగాడు అని అడిగితే అమ్మ, ఏం తాగలే అమ్మా, కల్లే అన్నది. డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ఇక్కడ అమ్మే కల్లులో చాలాచోట్ల చెట్టుది తక్కువ, కలిపే మత్తుమందు ఎక్కువ అట. నిద్ర పట్టింది దానివల్ల, చేతులు నిలిచింది దానివల్ల, ఆగేసరికి ఫిట్స్ వచ్చింది దానివల్ల. చెట్టు నుంచి దించిన అసలు కల్లు అయినా ఈయనకు విషమే అన్నది.

అమ్మ నేల చూసింది. వార్డులో మందుల సీసా మూత తిప్పుతున్న నర్సు, ఈ వారంలో మీరు నాలుగో ఇల్లు, బాధపడకండి అని అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాం. అవ్వ అర్థం చేసుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను వాన్ని చంపబోయిన్నా, అని ఒక్కసారే అడిగింది.

వదినకు నేనే ఫోన్ చేశాను. ఎవరో చెప్పేలోపు చెప్పాలని. మొత్తం విన్నది.

"కల్లు తాగుతుండని నీకు తెల్సు."

"తెల్సు వదినా. గని కల్లు..."

"నా బిడ్డకు లంగా కుట్టిచ్చినవ్ నాతోని" అని పెట్టేసింది.

ఆ తర్వాత చాలా కాలం ఆమె నాతో మాట్లాడలేదు. తప్పు నాది ఒక్కదానిదే కాదు, మా ఊరిదంతా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అయినా ఆ లంగా ఏ రంగో అని ఆలోచన వచ్చేది.

మరుసటి ఏడు

దవాఖానలోనే ఒకరు చెప్పారు. వనపర్తిలో ఒక స్కూలు గదిలో ప్రతి ఆదివారం తాగుడు మానినవాళ్లు కూర్చుంటారని. అన్న ఒక్కడే పోనంటే తోడు పోయాను. ఆడవాళ్లు వరండాలో కూర్చోవచ్చు. కిటికీలోంచి మాటలు వినపడేవి. చాలామంది మా అన్న లాగే బండి నడుపుతూ పట్టుబడి శిక్ష పడినవాళ్లు. కొత్తవాళ్లు రాగానే, నువ్వు సొంతంగ వచ్చినవా, కోర్టు బ్యాచా అని అడిగేవాళ్లు. కోర్టు బ్యాచ్ అంటే చప్పట్లు కొట్టేవాళ్లు, సీనియర్లం మేమే అని.

వాళ్లలో బుచ్చన్న అని ఒక ముసలాయన, లారీ డ్రైవర్. మానేసి ఏండ్లు గడిచాయి. ఆయన చెప్పింది ఒకటి వరండాలో ఉన్న మాకందరికీ కలుక్కుమంది. పోలీసోడు పట్టుకున్న రోజు కష్టం అనుకున్న, కాదు. జైలు కష్టం అనుకున్న, కాదు. లైసెన్సు మళ్ల చేతికొచ్చిన రోజు అసలు కష్టం అన్నాడు. అందరూ ఇంక బాగయిండు అనుకుని చూపు తిప్పుకుంటరు, అప్పుడే నోరు ఊరుతది అన్నాడు. నా పక్కన కూర్చున్నావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

వచ్చేటప్పుడు బస్సులో ఒకసారి అన్న, అనితా, అమ్ములు అప్పుడు ఏమన్నది నీతోని, అని అడిగాడు. చెప్పాను. నాయిన కండ్లు మూసుకున్నడు అన్నది. అన్న కిటికీ వైపు తిరిగి గద్వాల వచ్చేదాకా అటే చూశాడు.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు వంట చేసి పెట్టే అమావాస్య. మా ఇంట్లో తాత పేరున, నాయిన పేరున కల్లు సాక పోసి, అంటే నేల మీద ధార వదిలి, పెద్ద కొడుకు ఒక గుటక నోట్లో పోసుకోవాలి. పోసుకోకపోతే పెద్దలు ఆకలితో తిరిగిపోతారని అవ్వ నమ్మకం. అన్న స్నానం చేసి వచ్చి నిలబడ్డాడు. అవ్వ చెంబు పట్టుకుని వచ్చింది. నేను అడ్డం నిలబడాలని అనుకునేలోపే అవ్వ మొత్తం నేల మీద పోసేసింది. చుక్క లేకుండా కుదిపి పోసి, చెంబును బొగ్గుతో తోమి బోర్లించింది.

"వాళ్లే తాగుతరు లే. ఇంకెవరికెందుకు?" అన్నది, అన్న వైపు చూడకుండా.

ఇక అంతా బాగైంది అనుకున్నారు వాడలో. వదిన కూడా అప్పుడప్పుడు అమ్ములుతో ఫోన్ చేయించేది. నన్ను మాత్రం ఏమీ అడిగేది కాదు. నేను తెల్లవారి వంగుతూనే ఉన్నాను. వాసన ఏమీ ఉండేది కాదు, అయినా ఆగలేకపోయాను. నా ఒంట్లో కూడా ఏదో రోగం చేరింది. వీధిలో ట్రాలీ చప్పుడు విన్నా గడప దాకా పోయి చూసొచ్చేదాన్ని. పుస్తకం పట్టుకుంటే ఒక్క పేజీ పట్టేది కాదు. అన్న దగ్గితే లేచి కూర్చునేదాన్ని. అన్నకు చూడటానికి డాక్టరమ్మ ఉంది, బుచ్చన్న ఉన్నాడు. నాకు ఎవరూ లేరు. నాకేదో అయిందని నాకే తెలియదు.

చలికాలంలో అన్న పాత యజమాని కబురు పెట్టాడు, సంతలో పశువులు ఎక్కించే పనికి మనిషి కావాలని. లైసెన్సుతో పని లేదు కదా అని పోయాడు. ఆ సాయంత్రం రాలేదు. పొద్దున వచ్చాడు. నేను నల్లా దగ్గర ఉన్నాను. బిందె నిండి కారుతోంది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, నేను వంగి చూడాల్సిన పని లేకుండా.

"తాగిన" అన్నాడు. "బేరం కుదిరింది, పోసిండ్రు. వద్దననీకి నోరు రాలే. బస్టాండ్లనే పండుకున్న. బస్సులనే వచ్చిన. బండి ముట్టలే."

నాకు ఏడుపు రాలేదు. విచిత్రంగా, ఆయన నోటితో విన్నందుకు ఒంట్లోంచి ఏదో వదిలినట్టు అయింది. బిందె దించి నల్లా కట్టేశాను.

"మంజులకు చెప్పు" అన్నాడు.

"నువ్వే చెప్పన్నా" అన్నాను. నా జీవితంలో అన్నకు ఎదురు చెప్పింది అదొక్కటే.

ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. వదిన ఒక్కటే అడిగిందట, బండి నడిపినవా అని. లేదన్నాడు. పెట్టేసింది. ఆ ఆదివారం వనపర్తిలో అన్న కొత్తవాళ్ల వరుసలో కూర్చున్నాడు. మళ్లీ మొదటి నుంచి. ఎవరూ నవ్వలేదు. బుచ్చన్న లేచి వచ్చి తాను తాగే చాయ్ సగం ఆయనకు పోశాడు.

ఆ పొద్దు నుంచి నేను మంచం మీదికి వంగలేదు. వంగాలని మెడ లాగేది. బిందె తీసుకుని బయటికి పోయేదాన్ని.

ఈ ఎండాకాలం

మొన్న వదిన ఫోన్ చేసింది. అమ్ములును బడిలో వేయాలి. ఏ ఊరి బడి అనేది తేలాలి. అంతకాలం తర్వాత మళ్లీ నన్నే అడిగింది, ఏమంటవ్ అని. ఫోన్‌లో చెప్పలేను, వస్తానని అన్నాను. ఇంట్లో అందరూ నా ముఖమే చూశారు. అమ్మ నాకు జొన్నరొట్టెలు కట్టిస్తూ, మంచిగ చెప్పు బిడ్డా, ఆరు నెలల నుంచి ఎంత బుద్ధిగున్నడో చెప్పు అన్నది. అన్న గుంతలో కూర్చుని ఖాళీ మగ్గం చూస్తున్నాడు. నేను లేకపోతే ఆయనకు పని లేదు.

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి తెలకపల్లిలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. వదిన ఇంటి ముందు రేకుల కింద మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. అమ్ములు పొడుగైంది. నన్ను చూసి తల్లి వెనక్కి పోయింది. మంచినీళ్లు ఇచ్చి వదిన మళ్లీ మిషన్ ముందు కూర్చుంది.

"చెప్పు. పేరు ఏడ రాయించాలె?"

బస్సులో ఎన్నోసార్లు అనుకున్న మాటలే చెప్పాను. అన్న నిన్న తాగలేదన్నాను. ఇవాళ నేను బయల్దేరేదాకా తాగలేదన్నాను. ఆదివారాలు తప్పట్లేదన్నాను. లైసెన్సు మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ ఇంకా పోలేదన్నాను. అప్పుడు అసలుది చెప్పాను.

"రేపు తాగడని మాత్రం నేను చెప్పలేను వదినా. ఒకసారి నా మాట మీద నువ్వు రాబోయినవు. రేపు సంగతి నాకు తెల్వదు. ఆయనకు గూడ తెల్వదు. నన్ను ఇంక అడగకు. నాతోని అయితలేదు."

నేను ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం వదిన ఎప్పుడూ వినలేదు. మిషన్ మీద చేయి ఆగింది. కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటుంటే ఆమే ఒక గుడ్డ ముక్క అందించింది.

"నువ్వేడుస్తున్నవేంది? ఏడ్వాల్సింది నేను గదా" అన్నది. అమ్ములు మిషన్ వెనక నుంచి తొంగి చూసి, ఈమె నాడె అత్త గదా అన్నది.

అన్నం పెట్టింది. అన్న సంగతి మళ్లీ ఎత్తలేదు. జాకెట్టు చేతులు అతికి, దారం పంటితో కొరికి, మడత పెట్టింది. సాయంత్రం నాతో రోడ్డు దాకా నడిచింది, అమ్ములు చేయి పట్టుకుని. ఏం అనుకుంటోందో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. నేను రాకుండా ఉండాల్సింది, అమ్మ చెప్పమన్నట్టు చెప్పి ఉండాల్సింది అని ఒకసారి, లేదు అని ఒకసారి అనుకుంటూ నిలబడ్డాను.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వదిన కిటికీ దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకుంది. డ్రైవర్ గేరు వేస్తుండగా చెప్పింది.

"ఐతారం వస్త అని చెప్పు మీ అన్నకు. సంచి మాత్రం విప్ప. అది గూడ చెప్పు."